కార్నియాను పెంచు విద్య

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె అమరియుండు కార్నియా, అరమిల్లీమీటరు మందము గలదియై, ఒక్క రక్తనాళమైనను లేక, గాలినుండి ప్రాణవాయువును, లోపలి ద్రవమునుండి పోషకమును గ్రహించుచు జీవించు అపూర్వ కణజాలము. దాని మందములో పదింట తొమ్మిదిపాళ్లు స్ట్రోమా యను నడిమిపొరయే. అందు తలవెండ్రుకకన్న రెండువేల రెట్లు సన్ననైన కొల్లాజెన్ పోగులు, రెండువందలకు పైబడిన రేకులుగా, ఒక్కొక్క రేకులో సమాంతరముగను, రేకునకు రేకు అడ్డముగను పరచుకొనియుండును. ఈ క్రమవిన్యాసమే వెలుతురును చెదరనీయదని 1957లో డేవిడ్ మారిస్ ప్రతిపాదించెను.

ఇట్టి కట్టడమును నిర్మింప దలంచుటకు ముందు, ఒకరి కార్నియాను మరియొకరికి అమర్చుట వైద్యులు నేర్చిరి. 1905 డిసెంబరు 7న మొరేవియాలోని ఓలొమౌత్స్ పట్టణమున ఎడువార్డ్ జిర్మ్, సున్నము పడి చూపు కోల్పోయిన కూలివాని రెండు కన్నులకును, ఒక బాలుని గాయపడి తొలగింపబడిన కంటినుండి కార్నియాను గ్రహించి అతికెను. రెండు కన్నులలో ఒకటి నిలిచెను. నాటినుండి దాతల కొరత తీరనేలేదు; కావున కార్నియానే పెంచు ఆలోచన పుట్టెను.

1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనువారు చర్మకణములను పాత్రలో పొరగా పెంచు పద్ధతిని కనుగొనిరి. ఆ మార్గముననే 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రిని బృందము కార్నియా అంచుననుండు మూలకణములను పెంచి ఇరువురి కన్నులకు అమర్చెను. వానినుండి ఏర్పడు కార్నియా పైపొర పలుచనిది గాన ఈ విధానము చాలెను, స్ట్రోమాకు చాలలేదు. అందలి కెరటోసైట్లు అను కణములు దేహములో నలుదెసల చేతులు చాచి, ఒకదానినొకటి తాకుచు, పోగుల నడుమ నెమ్మదిగ నుండును. వానినే చదునైన ప్లాస్టిక్ పళ్లెములో, రక్తరసము కలిపిన ద్రవమున పెంచినచో, తమ స్వరూపమును విడిచి, బల్లపరుపుగ సాగి, వేగముగ విభజనమొంది, గాయపు మచ్చను అల్లు కణములుగ మారిపోవును. చూపును హరించునది ఆ మచ్చయే కాగా, దానిని పుట్టించు కణమును పెంచి యేమి ప్రయోజనము?

పరిష్కారము లోతులో దొరకెను. రక్తరసమును తగ్గించి, కొల్లాజెన్ జెల్‌లో పొదిగి, అన్ని దిక్కులను పట్టు కల్పించినచో ఆ కణములు చాలవరకు పూర్వరూపమును పొందును. 1999లో కెనడాలోని ఒట్టావాలో మే గ్రిఫిత్ బృందము అడుగున లోపొర కణములను, నడుమ కొల్లాజెన్‌లో స్ట్రోమా కణములను, మీద పైపొర కణములను నిలిపి, మానవ కణములతో మూడు పొరల కార్నియాను రూపొందించెను. పైభాగమును ద్రవమునుండి ఎత్తి గాలికి తాకనిచ్చినప్పుడే ఆ కణములు వరుసమీద వరుసగ పేరుకొనుట ఈ చరిత్రలోకెల్ల నాకు మనోహరముగ తోచును.

2018లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పరిశోధకులు కణములు కలిపిన సిరాతో పది నిమిషములలోపుననే కార్నియా ఆకృతిని త్రిమితీయముగ ముద్రించిరి. ఆకృతి వచ్చినంత మాత్రమున రేకుల క్రమము రాదు. అసలు కష్టము అక్కడనే యున్నది. 2022లో హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, ఐఐటి, కణ-అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ శాస్త్రజ్ఞులు మానవ కార్నియానుండి కణములను తొలగించి, మిగిలిన పదార్థముతోనే సిరాను సిద్ధపరచి, ముద్రించిన కార్నియాను కుందేటి కంట అమర్చి చూచిరి.

ఆ సిరాకు మూలము దాతల కన్నులే. కావున పాఠకులు తమ యింటివారికి నేత్రదాన సంకల్పమును ముందే తెలిపి, మరణానంతరము ఆరుగంటలలోపు కన్నుల సేకరణ జరుగునట్లు, వెంటనే నేత్రనిధికి కబురందు ఏర్పాటు చేయుదురుగాక.