చిన్న దీవిలో కీటక వైవిధ్య సర్వే: సంఖ్య చెప్పని సంగతులు

కీటక శాస్త్ర విద్యార్థికి తీరప్రాంతపు చిన్న దీవి ప్రకృతి సమకూర్చిన ప్రయోగశాల. దాని హద్దులు స్పష్టం; కొత్తగా వచ్చే ప్రతి జీవీ నీటిని దాటవలసిందే. అయితే దొరికిన కీటకాల పేర్లు వరుసగా రాసి, మొత్తం జాతుల సంఖ్యను ప్రకటించినంత మాత్రాన సర్వే పూర్తి కాదు. ఇందుకు అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో జరిగిన ఒక ప్రయోగం చక్కని నిదర్శనం.

ఆరు మడ దీవుల ప్రయోగం

1966-67లో డేనియల్ సింబర్లాఫ్, ఎడ్వర్డ్ విల్సన్ అక్కడ ఆరు చిన్న మడ దీవులను ఎంచుకున్నారు. ఒక్కొక్కదాని వ్యాసం 11 నుంచి 18 మీటర్లు మాత్రమే. వాటిపై ఉన్న కీటకాలను, సాలీళ్ళను ముందుగా లెక్కించి, దీవులను గుడారాలతో కప్పి మిథైల్ బ్రోమైడ్‌తో ఊదరపెట్టారు. గిడ్డంగులలో నిల్వ పురుగుల నివారణకు వాడిన వాయువుగా మనకు పరిచయమైనదే అది. కొయ్యలో లోతుగా దాగిన పెంకు పురుగుల లార్వాలను మినహాయిస్తే దాదాపు అన్నీ నశించాయి.

ఆపై క్రమం తప్పక లెక్కలు తీశారు. సుమారు 250 రోజులలో, అన్నిటికన్నా దూరాన ఉన్న దీవిలో తప్ప, జాతుల సంఖ్య ఇంచుమించు పూర్వస్థితికి చేరింది. కాని జాతుల కూర్పు మునుపటిది కాదు. కొన్ని పాత జాతులు తిరిగి రాలేదు; కొన్ని కొత్తవి చేరాయి; మరికొన్ని వచ్చి, నిలవలేక అంతరించాయి.

సర్వేలో పాటించవలసినవి

వలలో చిక్కిన ప్రతి కీటకమూ స్థిరనివాసి కాదు. దీపపు ఎరలో పడినది గాలివాటున వచ్చిన బాటసారి కావచ్చు. గుడ్లు, పిల్ల పురుగులు, ప్యూపాలు, ఆశ్రయమిచ్చే మొక్క కనిపించినప్పుడే అది అక్కడ సంతతి వృద్ధి చేస్తున్నదని చెప్పగలం. దీపపు ఎర, నేలలో పాతిన గుంట ఎర, చేతి వల వేర్వేరు కీటకాలను పట్టి చూపుతాయి. కనుక ఏ ఎర, ఎన్ని గంటలు, ఏ నెలలో, ఏ గాలిలో పెట్టారో నమోదు కావాలి. ఏమీ పడని రోజునూ రాయాలి. ఎండుకొమ్మల లోపలి పురుగులను ఏ ఎరా చూపదు. వాటిని చీల్చి చూడవలసిందే.

మన తీరంలో, మన పొలంలో

కాకినాడ తీరాన గోదావరి ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్, దాని సమీపంలోని కోరింగ మడ అడవులు ఇటువంటి అధ్యయనానికి అనువైన స్థలాలు. అనుమతి పొంది, ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఋతువు తరువాత ఋతువు పరిశీలించడం ముఖ్యం.

ఈ పాఠం దీవితో ముగిసిపోదు. పురుగుమందు చల్లిన వరి మడి కూడా కొంతకాలం ఖాళీ అయిన దీవి వంటిదే. కొన్ని వారాల తరువాత కీటకాల సంఖ్య కోలుకున్నట్లు కనిపించవచ్చు. కాని తిరిగి వచ్చినది సుడిదోమ మాత్రమేనా, దాని గుడ్లను తినే మిరిడ్ నల్లి, పిల్లలను వేటాడే సాలీడు కూడా వచ్చాయా? రైతుకు మరో పిచికారీ అవసరమా కాదా అన్నది ఈ ప్రశ్నపైనే ఆధారపడి ఉంటుంది. దీనికి జవాబు మొత్తం సంఖ్యలో దొరకదు. ఏ జీవి, ఏ దశలో, ఏ తేదీన కనిపించిందో తెలిపే నమోదులోనే దొరుకుతుంది.