మడకో రాత్రి... మన్యానికో రాత్రి!

పిల్లలకేమో సముద్రం కావాలి, పెద్దవాళ్లకు అడవి. చేతిలో ఉన్నవి రెండే రాత్రులు. గోదావరి జిల్లాలకు వచ్చే చాలామంది ఆ రెండింటికీ రాజమండ్రిలోనే గది తీసేసుకుంటారు. ఇక సగం సెలవు కార్లోనే! మారేడుమిల్లి అక్కడికి ఎనభై కిలోమీటర్ల పైమాటే. కోరింగ మడ అడవులేమో పూర్తిగా మరో దిక్కు.

మొదటి రాత్రికి కాకినాడ మేలు. కోరింగ అక్కడికి ఇరవై కిలోమీటర్లలోపే. చెట్ల మధ్య చెక్కవంతెన మీద నడక సరే, పడవ షికారు మాత్రం ఆటుపోట్లను బట్టే. పాయలో నీరు తీసిందా, ఒడ్డున కూర్చోవాల్సిందే! దగ్గర్లో ఉంటే వేళ కనుక్కుని తాపీగా బయల్దేరొచ్చు. పగడపు దిబ్బలు లేవని చిన్నబుచ్చుకోకండి. చేపలు పట్టే బావురుపిల్లి ఉండేది ఈ మడల్లోనే. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకలో చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

రెండో రాత్రి మాత్రం మారేడుమిల్లిలోనే ఉండాలి. సాయంత్రం బొంగు చికెన్ రుచి చూసి, చీకటుండగానే జీపెక్కితేనే గుడిస కొండమీద సూర్యోదయం దక్కేది. చలికాలపు శని, ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి. టీవీ ఉందా అని కాదు, దోమతెర ఉందా అని అడగండి. మన్యంలో మలేరియా తమాషా కాదు.