మూలకణ చికిత్స – ఆమవాత రోగులు తెలిసికొనవలసినది

గత కార్తికమాసంలో మైపాడు నుండి ఒక తండ్రి కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినాడు. ముప్పై ఏండ్లు నిండని ఆ అమ్మాయికి వ్రేళ్ళ కణుపులన్నీ వాచి, తెల్లవారి లేచిన పిదప గంటసేపు పిడికిలి బిగియదు. “మద్రాసులో మూలకణాల సూదిమందు వేస్తారంట సామీ. రొయ్యల గుంట అమ్మేద్దామనుకుంటా ఉండాను. మీరేమంటారు?” అని అడిగినాడు.

ఈ వ్యాధిని ఆధునికులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే కీళ్ళపై దాడి చేయుట దీని స్వభావము. మాధవనిదానంలోని ఆమవాత లక్షణములు దీనికి చాలా దగ్గరగా ఉండును; రెండూ ఒకటేనని మాత్రం నేననను.

మూలకణ చికిత్స పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుచున్నవి. మొదటిది ఆసుపత్రిలో చేయు మార్పిడి. రోగి రక్తమునుండే మూలకణములను సేకరించి దాచి, దారి తప్పిన రక్షణశక్తిని తీవ్రమైన మందులతో అణచి, ఆ కణములను తిరిగి ఎక్కింతురు. చర్మమును గట్టిపరచి ఊపిరితిత్తులవరకు ప్రాకు స్క్లీరోడెర్మా రోగులు 156 మందిపై ఐరోపాలో జరిపిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి. మార్పిడికి ఎంపికైన 79 మందిలో 8 మంది తొలి సంవత్సరములో చికిత్స వలననే మరణించిరి. అయినను కాలక్రమమున మందులు మాత్రమే వాడినవారికన్న వీరే ఎక్కువగా బ్రతికిరి. ప్రాణము మీదికి వచ్చినవారికే అంతటి సాహసము తగును.

రెండవది ఇతడు విన్న సూదిమందు. ఆమోదించిన రక్తమూలకణ మార్పిడులు తప్ప తక్కిన ప్రయోగములు పరిశోధనలో భాగముగానే జరుగవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమావళి చెప్పుచున్నది. పరిశోధన చేయువారు రోగిచేత గుంట అమ్మింతురా?

జన్యువు మారకయే దాని పనితీరు ఆహారవిహారములను బట్టి మారవచ్చునని ‘ఎపిజెనెటిక్స్’ శాస్త్రము చెప్పుచున్నది. ఇదంతా చరకుడు ఏనాడో చెప్పినాడని మావారు కొందరు మురియుచున్నారు. నాకది రుచించదు. పొగాకు ఈ వ్యాధికి దోహదము చేయునని మాత్రం గట్టిగా తేలినది.

అమ్మాయి మందుల సంచి విప్పి చూచితిని. సూదిమందు వేయించుకొనబోవుచున్నాము కదా అని, మెథోట్రెక్సేట్ మాత్రలు రెండు నెలలుగా మానివేసినది! ఆ మందు 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున రూపొందినది. అమెరికా వెళ్ళకముందు వారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించిరి. ఈ కీళ్ళవ్యాధికి అమెరికా ప్రభుత్వము దానిని 1988లో ఆమోదించినది. వారమునకు ఒక్కమారే వేసికొనవలెను. పొరపాటున దినదినము మ్రింగిన ప్రాణాపాయము. కాలేయమునకు, రక్తమునకు పరీక్షలు తప్పవు.

ఆమెను ఆ మందు వ్రాసిన డాక్టరు వద్దకే తిరిగి పంపితిని. నేను చెప్పినదల్లా ఇంతే: వాపు ఉన్నన్నాళ్ళు తైలమర్దనము కూడదు, సముద్రపు ఇసుకను వేయించి, మూటగట్టి, ఓర్చుకొనదగిన వేడితో కాపడము పెట్టవలెను. శొంఠి కషాయముతో ఆముదము వాడదలచినచో డాక్టరుకు చెప్పిన పిదపనే.

సంక్రాంతికి వాకిట ముగ్గు పెట్టినదట. కుడిచేతి నడిమివ్రేలు మాత్రం ఇంకను వంగదు.