ఒకే గది, అయిదు చాపలు

1993లో నేను కొత్తపేట వైపు ఒక లంక గ్రామంలో ఉపాధ్యాయినిగా పని చేస్తున్నాను. రెండు గదుల బడి, అయిదు తరగతులు, ఇద్దరం టీచర్లం. ఒక సాయంకాలం బడి వదిలిన తరువాత ఒక పెద్దామె మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, కువైట్ నుండి కోడలు రాసిన ఉత్తరం నా చేతిలో పెట్టింది. తల్లి గల్ఫ్ దేశంలో ఇంటిపనికి, బిడ్డ మామ్మ దగ్గర. మన కోనసీమలో ఎన్నో ఇళ్లకు తెలిసిన సంగతే.

"మీ మనవరాలు నా దగ్గర నాలుగో తరగతే కదమ్మా, చదివి వినిపించలేదా?" అన్నాను.

"ఆయ్, దానికి రాదండి టీచరుగారూ. మీరే చదవండి" అందామె. పిల్ల తల వంచుకుని బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది.

ఉత్తరం విప్పాను. "అమ్మలూ, ఇది నువ్వే చదివి మామ్మకి వినిపించు" అని మొదటి వరుసలోనే ఉంది. ఆ వరుస పైకి చదవకుండా దాటేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల నోటు పుస్తకం నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. నల్లబల్ల మీద నేను రాసినదంతా ఒక్క తప్పు లేకుండా ఎక్కించుకునేది. ఏడాది పొడుగునా దాని కింద ఎర్ర సిరాతో 'గుడ్' అని రాసింది నేనే. బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు ఆ పిల్ల అక్షరాలు గీస్తున్నదని ఒక్కనాడూ కనిపెట్టలేదు.

మర్నాటి నుండి నాలుగు రోజులు పాఠం ఆపి, పిల్లలను ఒక్కొక్కరినే నా దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాను. కొందరు 'అ' నుండి 'క్ష' దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు గాని, నడుమ నుండి ఒక అక్షరం తీసి చూపిస్తే తెల్లబోతారు. 'ప'కీ 'ష'కీ, 'ద'కీ 'ధ'కీ తేడా పోల్చలేరు. కొందరికి అక్షరం వచ్చు, గుణింతం రాదు. కొందరు వత్తు రాగానే ఆగిపోతారు. కొందరు వాక్యం చదువుతారు గాని ఏమి చదివారో చెప్పలేరు. రెండో తరగతి కుర్రవాడొకడు అయిదో తరగతి వాళ్లకంటె చక్కగా చదివాడు. వీళ్లందరికీ కలిపి నేను రోజూ ఒకే పాఠం చెబుతున్నాను! అది ఎవరికి అందుతున్నదో దేవుడికే ఎరుక.

అప్పుడు గుర్తొచ్చింది, అటకెక్కించిన శిక్షణ సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమని ఒకటి ఉండేది. ఉపాధ్యాయులం 'అపెప్' అనేవాళ్లం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని జిల్లాలలో ప్రయోగంగా మొదలై, 1989 నుండి రాష్ట్రమంతటా విస్తరించి 1996 దాకా నడిచింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలలోని వ్యక్తిగత భేదాలను గమనించి బోధించడం, ఒక్కొక్కరుగానూ జట్లుగానూ తరగతంతటితోనూ పని చేయించడం, ఊళ్లో దొరికే వస్తువులనే వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం వాటిలో కొన్ని. శిక్షణలో అన్నీ రాసుకున్నాను. తనిఖీ వస్తుందంటే గోడలకు చార్టులు వేలాడదీయడం తప్ప ఇంకేమీ చేయలేదు.

సరే, ఇళ్లలో అడిగి అయిదు పాత ఈత చాపలు తెచ్చాను.

మొదటిది అక్షరాల చాప. పళ్లెంలో గోదావరి ఇసుక, డబ్బా నిండా చింతపిక్కలు, కట్ట కొబ్బరి ఈనెలు. ఇసుకలో వేలితో రాయడం, పిక్కలతో పేర్చడం, ఈనె వంచి 'ర' చేయడం. వర్ణమాల వరుస అక్కడ పాటించలేదు. త, ల, వ, ప, క, డ అనే ఆరు అక్షరాలు వస్తే చాలు, తల, వల, పలక, పడవ, కడవ, తడక అన్నీ చదివేయవచ్చు. లంక పిల్లలకు ఇందులో తెలియని వస్తువు ఒక్కటైనా ఉందా? యాభై ఆరు అక్షరాలూ ముగిసేదాకా ఒక్క మాటైనా చదవనివ్వకపోతే పసివాళ్లకు చదువు మీద ఆశ ఎక్కడిది?

రెండోది మాటల చాప. పాత శుభలేఖల వెనుక వైపు అక్షరాలూ గుణింతాలూ రాసి ముక్కలు చేశాం. వాటిని కలిపి మాటలు కట్టాలి. మూడోది జంట చదువు. ఒకరు చదువుతుంటే రెండోవారు వేలు పెట్టి చూస్తారు. బాగా వచ్చినవాణ్ణి ఏమీ రానివాడితో జత చేసి మొదట్లో పొరపాటు చేశాను. వాడే చదివేస్తాడు, వీడు నోరు తెరుచుకుని చూస్తాడు. కాస్త ఎచ్చుతగ్గుగా ఉన్నవారిని జత కలిపిన తరువాతనే పని జరిగింది. నాలుగోది రాత చాప. అక్కడ నల్లబల్ల చూసి ఎక్కించడం నిషిద్ధం. నిన్న ఇంటి దగ్గర ఏమి జరిగిందో ఒక్క వాక్యమైనా సొంతంగా రాయాలి. అయిదోది కథల చాప. గోడ నుండి గోడకు తాడు కట్టి చందమామ, బాలమిత్ర పాత సంచికలు బట్టలారేసినట్టు వేలాడదీశాం.

ఏ చాప మీదా పిల్లలను తోచినట్టు ఆడుకొమ్మని వదిలేయలేదు. మొదటి వారం ఒక్క చాపే పరిచాం. వస్తువులు ఎలా తీయాలి, ఎలా సర్దాలి, ఎంత గొంతుతో మాట్లాడాలి అనేది అందరికీ అలవాటయ్యాకనే రెండోది. అన్నీ పడేసరికి నెల దాటింది. అనుమానం వస్తే ముందు పక్కవాణ్ణి అడగాలి, ఆ తరువాతే టీచరు దగ్గరకు రావాలి. ఈ ఒక్క నియమం లేకపోతే ఆ పద్ధతి రెండు రోజులు కూడా నిలిచేది కాదు. ఇరవై నిమిషాలకొకసారి గంట కొడితే చాప మారేవారు. తక్కినవాళ్లు తమ పని తాము చేసుకుంటుంటే, వెనుకబడిన నలుగురైదుగురి మధ్య నేను కింద కూర్చునేదాన్ని. నిజానికి ఈ చాపలన్నీ నాకు ఆ ఇరవై నిమిషాలు చిక్కించడానికే.

ఇబ్బందులు లేకపోలేదు. "బడిలో ఇసుకాటలు ఆడిస్తున్నారటండీ" అని ఒక తండ్రి వచ్చాడు. ఎవరి బిడ్డ పక్కన ఎవరి బిడ్డను కూర్చోబెట్టానని ఇంకొకరు ఆరా తీశారు. మన ఊళ్లలో అది చిన్న ప్రశ్న కాదని మీకు నేను చెప్పనక్కర లేదు. చదువును బట్టే చాప గాని ఇంకే లెక్కా లేదన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి పదిహేను రోజులకొకసారి అందరినీ మళ్లీ చదివించి చూసి, ముందుకు వచ్చినవారిని జట్టు మార్చేదాన్ని. జట్లు అలా కదలకపోతే మొద్దులకు ఒక మూల, తెలివైనవారికి ఒక మూల అయిపోతుంది. అంతకంటె పాత పద్ధతే నయం.

ఇదే పనిని మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావుగారు, రమగారు ఎంతో లోతుగా చేశారని తరువాత తెలిసింది. ఒక గది, ఒక టీచరు ఉన్న పల్లె బడుల కోసం వారు చదువును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ కార్డులు తయారుచేసి, గోడ మీద నిచ్చెన గీసిపెట్టారు. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని తన కార్డు తానే తీసుకుంటాడు. జ్వరంతో పది రోజులు మానినా, కోతలకు వెళ్లినా, తిరిగి వచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. వరదల కాలంలో బడి మూతపడే మన లంకలకు ఇంతకంటె ఏం కావాలి? అక్కడి నుండే ఈ విధానం 1995లో కర్ణాటకలో 'నలి కలి' పేరుతోనూ, 2003లో చెన్నై నగర పాఠశాలలకూ వెళ్లింది. అయితే కార్డులే సర్వస్వమనుకుని కథ చెప్పడం మానేసిన తరగతులూ ఉంటాయి. టీచరు నోట కథ వినని పిల్లకు కార్డు కూడా చప్పగానే ఉంటుంది.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2022లో జరిగిన అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 43 మందే. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డా చదవాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ ప్రారంభించింది. తల్లులారా, మీ బిడ్డ నోటు పుస్తకం చూసి మురిసిపోకండి. తానెన్నడూ చూడని ఒక కాగితం, పాత క్యాలెండరైనా సరే, చేతికిచ్చి చదివించి చూడండి. అన్ని వయసుల పిల్లలనూ ఒకే గుంపుగా కూర్చోబెట్టుకునే మన సండే స్కూలు టీచర్లకు కూడా రెండు చాపలు అక్కరకొస్తాయి.

ఆ పిల్ల మొదటి చాప దగ్గర ఆరు వారాలు కూర్చుంది. సంక్రాంతి సెలవులయ్యాక మాటల చాపకు, వేసవికి ముందు జంట చదువుకు వచ్చింది. మరుసటి ఏడు శ్రావణంలో మళ్లీ ఉత్తరం వచ్చినప్పుడు మామ్మ నా దగ్గరకు రాలేదు. పిల్లే వచ్చింది, తల్లికి తాను రాసిన జవాబు పట్టుకుని, కవరు మీద ఇంగ్లీషు చిరునామా రాసిపెట్టమని. ఉత్తరంలో మూడు వత్తులు తప్పాయి. నేను దిద్దలేదు. చిరునామా రాసి ఇచ్చాను. అమలాపురం వెళ్లేవాళ్ల చేత మామ్మ దాన్ని పోస్టు చేయించింది.