ఎరువు బస్తాలోని ఉదజని

ధర్మపురి క్షేత్రమున దక్షిణవాహినియై ప్రవహించు గోదావరి దిగువకు సాగి రామగుండము చేరును. అచ్చటి కర్మాగారమున తయారగు యూరియా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతులకు సుపరిచితము. కాని ఆ బస్తాకు మూలము ఉదజని, అనగా హైడ్రోజన్ అని ఎరిగినవారు తక్కువ. స్వచ్ఛమైన ఉదజనిని గూర్చి నేడు అనేక దేశములు చేయుచున్న కృషికిని, మన పొలమునకును గల సంబంధమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఉదజని ఎచ్చట లభించును?

ఉదజని అన్ని వాయువులలో తేలికయైనది. అది మండినపుడు పొగ రాదు, నీరు ఏర్పడును. కాని ప్రకృతిలో అది విడిగా దొరకుట అరుదు. నీటిలో ఆమ్లజనితోను, సహజ వాయువులో కర్బనముతోను కలిసియుండును. దానిని విడదీసి గాలిలోని నత్రజనితో కలిపినచో అమ్మోనియా యగును. అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువును చేర్చినచో యూరియా యగును. 45 కిలోల యూరియా బస్తాకు సుమారు 25 కిలోల అమ్మోనియా, అందుకు నాలుగున్నర కిలోల ఉదజని కావలెను.

రామగుండములోని పాత ఎరువుల కర్మాగారము ఈ ఉదజనిని బొగ్గునుండి తీసెడిది. అది 1999లో మూతబడెను. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన నూతన కర్మాగారము సహజ వాయువునుండి తీయుచున్నది. దాని సామర్థ్యము సంవత్సరమునకు 12.7 లక్షల టన్నుల యూరియా. అందలి అమ్మోనియా విధానము డెన్మార్కు దేశపుది. యూరియా విధానము ఇటలీ దేశపుది. మన బస్తా వెనుక ఇతర దేశముల సహకారము ఇదివరకే కలదన్నమాట.

నీటి నుండి ఏల?

సహజ వాయువునుండి ఒక కిలో ఉదజనిని తీసినచో సుమారు 10 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. భూమి వేడెక్కుటకు ఇదియొక కారణము. అంతేగాక, మన దేశము వాడు సహజ వాయువులో దాదాపు సగము విదేశములనుండి రావలసియున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైనపుడు వాయువు ధర పెరిగి, ఎరువుల సబ్సిడీ భారమును పెంచెను. ఎక్కడి యుద్ధమో ఇక్కడి నాట్లను తాకునని దీనివలన తెలియుచున్నది.

నీటిలో విద్యుత్తును ప్రసరింపజేసి ఉదజనిని, ఆమ్లజనిని వేరుచేయవచ్చును. ఈ పని చేయు యంత్రమును ఎలక్ట్రోలైజర్ అందురు. కిలో ఉదజనికి కనీసము 9 లీటర్ల శుద్ధజలము, 50 యూనిట్లకు మించి విద్యుత్తు కావలెను. ఒక యూరియా బస్తాకు లెక్కించినచో 40 లీటర్ల నీరు, 225 యూనిట్ల విద్యుత్తు అగును. ఆ విద్యుత్తు సూర్యునినుండియో, గాలినుండియో రావలెను. బొగ్గు విద్యుత్తును వాడినచో పొగ ఒక చిమ్ని నుండి మరియొక చిమ్నికి మారును, అంతియే.

దేశముల సహకారము

ఈ యంత్రములు ఖరీదైనవి. ఏ దేశమును ఒంటరిగా ఈ పనిని పూర్తి చేయజాలదు. 2003లో ఏర్పడిన హైడ్రోజన్ అంతర్జాతీయ భాగస్వామ్యములో మన దేశము తొలినాటినుండి సభ్యత్వము వహించుచున్నది. 2023 జనవరిలో భారత ప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించెను. కిలో ఉదజనికి రెండు కిలోలకు మించి బొగ్గుపులుసు వాయువు రానిదే “హరిత” మనిపించుకొనునని అదే సంవత్సరము ఆగస్టులో నిర్ణయించెను. సరకు సరిహద్దు దాటవలెనన్న ఇట్టి కొలతలపై దేశముల నడుమ అంగీకారము అవసరము.

తెలుగునాట ఈ కృషి సముద్రతీరమున ఆరంభమైనది. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా తయారుచేయుటకు 2024లో పెట్టుబడి నిర్ణయము జరిగెను. అందు మలేషియా, సింగపూరు దేశముల సంస్థలు భాగస్వాములు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజునకు 1,500 టన్నుల ఉదజనిని ఉద్దేశించిన కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగెను.

తెలిసికొనవలసిన పరిమితులు

దీనివలన రేపే చౌకగా ఎరువు వచ్చునని మేము చెప్పుట లేదు. పైన చెప్పిన 225 యూనిట్లకు యూనిట్ ఒక్కంటికి రెండు రూపాయల చొప్పున వేసినను 450 రూపాయలగును. సబ్సిడీ పోను రైతు బస్తాకు చెల్లించు ధర 266 రూపాయల 50 పైసలు మాత్రమే. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడ అవసరము. నేడది సహజ వాయువునుండియే లభించుచున్నది. కావున హరిత అమ్మోనియా మొదట ఇతర ఎరువులకును, ఎగుమతికిని ఉపయోగపడును. యూరియా వంతు తరువాత రాగలదు.

పంచాయతీ కర్తవ్యము

ఇట్టి పరిశ్రమలకు సూర్యరశ్మితోపాటు భూమి, నీరు కావలెను. సౌరవిద్యుత్తుకు భూమిని కౌలుకడుగ వచ్చినవారిని గ్రామసభయందు కొన్ని ప్రశ్నలడుగవలెను. కౌలు ఎన్నేండ్లు? గడువు తీరిన పిమ్మట పలకలను తొలగించువారెవరు? పశువుల మేత దారి ఏమగును? నీటిని ఏ వనరునుండి, ఎంత తీసికొందురు? సమాధానములను పత్రముపై వ్రాయించుకొనవలెను.

ఎరువును పొదుపుగా వాడుటకు మాత్రము ఏ దేశపు యంత్రము కొరకును వేచియుండనక్కరలేదు. భూసార పరీక్ష ప్రకారము యూరియా వేయుట, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టను దున్నుట నేడే చేయదగిన పనులు. వృథా కాని ప్రతి బస్తా వలన నాలుగున్నర కిలోల ఉదజని మిగిలినట్లే. దేశములు తమ పని తాము చేయునుగాక; మన గ్రామము తన పని తాను ఆరంభింపవచ్చును.