కారు కొనే ముందు ఒక మాట

ఒకప్పుడు మనవాళ్ళు నలుగురు కలిస్తే "మీ కారు గాలనుకి ఎన్ని మైళ్ళిస్తుంది?" అని అడిగేవారు. ఇప్పుడు "మీదీ ఎలక్ట్రిక్కేనా?" అంటున్నారు. నా అనుభవంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "రాత్రిపూట మీ కారు ఎక్కడ ఉంటుంది?"

సొంత ఇల్లూ, గరాజూ ఉన్నవారికి చింత లేదు. మామూలు 120 వోల్టుల ప్లగ్గుకి తగిలిస్తే గంటకి 3 నుంచి 5 మైళ్ళ ఛార్జి ఎక్కుతుంది. 240 వోల్టుల లైను వేయించుకుంటే గంటకి సుమారు 25 మైళ్ళు. తెల్లారేసరికి కారు సిద్ధం! అపార్టుమెంట్లలో, కాండోలలో ఉండేవారి సంగతి వేరు. కారు ఒకచోట, కరెంటు మీటరు మరొకచోట.

ఇక్కడ కాలిఫోర్నియాలో మా కాండో సంఘం బోర్డులో నేనూ సభ్యుణ్ణే. కొన్నేళ్ళ క్రితం మా పక్కింటి దంపతులు తమ పార్కింగ్ స్థలంలో సొంత ఖర్చుతో ఛార్జరు పెట్టుకుంటామని అర్జీ ఇచ్చారు. "రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఎవరిది పూచీ?" అంటూ అందరికన్నా గట్టిగా అడ్డుపడింది నేనే. కుదరదని ఉత్తరం రాయించాం.

తరవాత మా అబ్బాయి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. వాడిది అద్దె అపార్టుమెంటు. ఒక రాత్రి చూడబోతే ఇంట్లో లేరు. బజారులో ఛార్జరు దగ్గర వరసలో ఉన్నారు. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది. పైగా అక్కడి ధర ఇంటి కరెంటుకన్నా ఎక్కువ.

"ఇంటి దగ్గరే పెట్టించుకోరాదట్రా?" అన్నాను.

"ఎవరు ఒప్పుకుంటారు నాన్నా?" అన్నాడు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఇంటికొచ్చి చట్టం చదివాను. మా రాష్ట్ర సివిల్ కోడ్ 4745వ సెక్షను ప్రకారం, సొంత పార్కింగ్ స్థలంలో ఛార్జరు పెట్టుకోవడాన్ని సంఘం అకారణంగా అడ్డుకోరాదు. ఖర్చూ, కరెంటు బిల్లూ, నష్టబాధ్యతా పెట్టుకున్నవారివే. 60 రోజుల్లోగా రాతపూర్వకంగా కాదనకపోతే, అదనపు వివరాలు అడిగి ఉంటే తప్ప, ఒప్పుకున్నట్టే లెక్క. 2015 జూలై 1 నుంచి రాసుకున్న లీజులకు 1947.6వ సెక్షను కింద అద్దెవారికీ, కొన్ని మినహాయింపులతో, ఇటువంటి హక్కే ఉంది.

మా అబ్బాయి చేత ఇంటివారికి అర్జీ పెట్టించాను. పక్కింటి తలుపు తట్టి తప్పు ఒప్పుకున్నాను. బోర్డులో ఈసారి వాళ్ళ తరఫున మాట్లాడిందీ నేనే.

మన సభ్యుల్లో ఇలాంటి బోర్డుల్లో ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే: కాదనే ముందు మీ రాష్ట్ర చట్టం ఒకసారి చదవండి. అడిగేది పక్కింటివారైనా, వారి స్థానంలో మన పిల్లలున్నట్టు తలచండి.