కల్యాణపురము నేర్పిన పాఠము

వివాహము రెండు హృదయములకు సంబంధించినదని కావ్యములు చెప్పును. కాని ఎవరు ఎవరిని చూడవచ్చును, ఎవరితో మాటాడవచ్చును, ఏ యీడున పీటలపై కూర్చుండవలెను అనునవి ముందుగా సంఘమే నిర్ణయించును. ఇందులకు తెలుగువారి చరిత్రలోనే నిదర్శనములు కలవు.

వితంతు వివాహము 1856లోనే చట్టసమ్మతమయ్యెను. అయినను రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించునప్పటికి 1881వ సంవత్సరము వచ్చెను. చట్టము తలుపు తీసినను, అచ్చట లోనికి పోవుటకు ఇరువదియైదేండ్లు పట్టెను.

రెండవ నిదర్శనము యానాము. శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలునకు వచ్చెను. 14 ఏండ్లు నిండని బాలికకును, 18 ఏండ్లు నిండని బాలునికిని పెండ్లి చేయుట నేరమయ్యెను. గౌతమీ తీరమున నున్న యానాము అప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే ఆ చట్టము అచ్చట చెల్లలేదు. చుట్టుపట్ల తెలుగు సీమలనుండి పెండ్లివారు పసిబిడ్డలతో అచ్చటికి పోయి, మూడుముళ్లు వేయించి తిరిగి వచ్చుచుండిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు కలిగెను.

ఆ తల్లిదండ్రులకు బిడ్డలపై ప్రేమ లేకపోలేదు. ఈడు మించినచో సంబంధము దొరకదని వారి భయము. ఒక్క యింటివారే ఆగినచో ఆ యింటి పిల్లకు నష్టము; అందరును ఆగినచో ఎవరికిని నష్టము లేదు. కాని ముందుగా ఆగువారేరి? ఆ భయమువలన బాలిక చదువును, తన మనస్సు తాను తెలిసికొను వయస్సును కోల్పోయెను.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము కులమత భేదము లేక పెండ్లాడుటకు వీలు కలిగించినది. 1978 సవరణచే కనీస వయస్సు వధువునకు 18, వరునకు 21 ఏండ్లయినది. అయినను రాష్ట్రేతరాంధ్రులమగు మనకు ఈ గిరి మరింత యిరుకు. భాష, కులము, శాఖ అని వడపోయగా మిగులునవి నాలుగైదు కుటుంబములు. అందుచే మేనరికములు, తొందరపాట్లు, కట్నపు బేరములు.

తల్లిదండ్రులారా, ఈ గిరిని కొంత విశాలము చేయుట మన చేతిలోనే యున్నది. పిల్ల చదువు ముగియువరకు సంబంధముల మాట తలపెట్టకుందుము. తలపెట్టిననాడు ముందుగా ఆమెనే అడుగుదము. పొరుగింటి పిల్ల విషయమున “ఇంకను పెండ్లి కాలేదా?” అని ప్రశ్నింపకుందుము. ఆనాడు యానామునకు బండ్లు కట్టించినది ఆ ప్రశ్నయే.